లూయిస్ బున్యుయెల్ సినిమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

బున్యుయెల్ పేరు ఎత్తగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఒక్క షాట్: మంగలి కత్తితో కన్ను కోసే షాట్. అది తీసేనాటికి ఆయనకు 29 ఏళ్లు. ఆ తర్వాత ఇంకో 48 ఏళ్లపాటు, మూడు దేశాల్లో, ముప్పైకి పైగా సినిమాలు తీశాడు. వాటిలో చాలావాటిలో రక్తం చుక్క కూడా కనిపించదు. అయినా చూసేవాళ్ల మనసు కుదురుగా ఉండదు. నాకు ఆయన నచ్చింది అక్కడే. స్నేహితులకు ఆయన సినిమాలు చూపించినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్నిచోట్ల కథ, ముగింపు కూడా చెప్పక తప్పలేదు.

ఈయన స్పెయిన్ దర్శకుడా, మెక్సికో దర్శకుడా, ఫ్రాన్స్ దర్శకుడా?

పుట్టింది స్పెయిన్‌లో. అరగాన్ ప్రాంతంలో కలాందా అనే చిన్న ఊళ్లో, 1900 ఫిబ్రవరి 22న. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి క్యూబాలో వ్యాపారం చేసి బాగా సంపాదించి ఊరికి తిరిగొచ్చిన మనిషి. చదువు సరగోసాలో జెసూట్ పాదిరీల బడిలో. 1917లో మాడ్రిడ్ వెళ్లి 'రెసిడెన్సియా' అనే విద్యార్థి నివాసంలో చేరాడు. కవి లోర్కా, చిత్రకారుడు సాల్వడార్ దాలీ అక్కడే స్నేహితులయ్యారు. 1925లో పారిస్ చేరి, జాన్ ఎప్స్టైన్ అనే దర్శకుడి దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నాడు.

స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చాక దేశం వదిలాడు. అమెరికాలో కొన్నేళ్లు ఉండి, 1946లో మెక్సికో వెళ్లి, 1949లో ఆ దేశ పౌరుడయ్యాడు. తన సినిమాల్లో ఎక్కువ భాగం, సుమారు 20, అక్కడే తీశాడు. చివరి దశలోవి చాలావరకు ఫ్రెంచ్ సినిమాలు. పాస్‌పోర్ట్ మెక్సికోది, డబ్బు చాలాసార్లు పారిస్‌ది. కానీ ఆ సినిమాల్లో ఉన్న భయాలు, కోరికలు, పూజలు, పాపభీతి అన్నీ కలాందావే. ఆయన్ని స్పెయిన్ దర్శకుడు అనడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

కలాందా గురించి ఇంకో మాట. అక్కడ గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ఊరు ఊరంతా ఒక్కసారిగా డోళ్లు మొదలుపెట్టి, మర్నాటి వరకు వాయిస్తుంది. చేతులు చిట్లి డోలు తోలు మీద రక్తం అంటుకుంటుంది. ఆ మోత ఆయన్ని జీవితాంతం వదల్లేదు. రెండో సినిమాలోనూ వినిపిస్తుంది, దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత తీసిన 'నసారిన్' చివర్లోనూ వినిపిస్తుంది.

కన్ను కోసింది నిజంగానేనా? అసలు ఆ సినిమాకు అర్థం ఏమిటి?

అది చనిపోయిన దూడ కన్ను. 1929లో వచ్చిన ఆ సినిమా పేరు 'అన్ షియన్ అందలూ', అంటే 'అందలూసియా కుక్క'. సినిమాలో కుక్కా ఉండదు, అందలూసియా అనే స్పెయిన్ ప్రాంతం కూడా ఉండదు. నిడివి పావుగంట కంటే కాస్త ఎక్కువ.

అది రెండు కలల్లోంచి పుట్టింది. సన్నటి మబ్బు చందమామను కోస్తున్నట్టు, కత్తి కన్నును కోస్తున్నట్టు బున్యుయెల్‌కు కల వచ్చింది. అరచేతి నిండా చీమలు ఉన్నట్టు దాలీకి కల వచ్చింది. ఇద్దరూ కూర్చుని వారం రోజుల్లోపే స్క్రిప్ట్ రాసేశారు. పెట్టుకున్న నియమం ఒక్కటే: బుద్ధితో వివరించడానికి వీలయ్యే బొమ్మ ఏది తట్టినా పక్కన పడేయాలి. కాబట్టి దీనికి అర్థమేంటని అడిగితే, అర్థం చిక్కకుండా చేయడమే వాళ్లు పడ్డ శ్రమ అని చెప్పాలి. చూస్తున్నప్పుడు కల కంటున్నట్టు చూడండి, పొడుపుకథ విప్పుతున్నట్టు చూడొద్దు.

పెట్టుబడి బున్యుయెల్ వాళ్ల అమ్మది. అందులో సగం పారిస్ నైట్ క్లబ్బుల్లోనే ఖర్చుపెట్టేశానని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మొదటి ప్రదర్శన రోజు తెర వెనక గ్రామఫోన్ పెట్టుకుని, ఒకసారి అర్జెంటీనా టాంగో రికార్డు, ఒకసారి వాగ్నర్ సంగీతం మారుస్తూ నిలబడ్డాడు. జనం తిరగబడితే విసరడానికి జేబుల్లో రాళ్లు వేసుకున్నాడు. వాటి అవసరం పడలేదు, చప్పట్లు కొట్టారు. తర్వాత ఆ సినిమా పారిస్‌లో ఎనిమిది నెలలు ఆడింది.

మరి రెండో సినిమాను ఎందుకు నిషేధించారు?

'లాజ్ దోర్' (స్వర్ణయుగం, 1930). ఒక ప్రేమజంటను చర్చి, పోలీసులు, పెద్దమనుషుల విందులు అడుగడుగునా అడ్డుకుంటాయి. చివర్లో క్రీస్తును పోలిన మనిషి ఒకడు కామకేళి జరిగిన కోటలోంచి బయటికొస్తాడు. అదే ఎక్కువమందికి మండించింది. 1930 డిసెంబర్ 3న కరడుగట్టిన జాతీయవాద ముఠాలు పారిస్‌లోని స్టూడియో 28 హాల్లోకి చొరబడి తెర మీద సిరా చల్లాయి, బయట పెట్టిన సర్రియలిస్ట్ (కలల్లాంటి బొమ్మలు గీసే కళా ఉద్యమం) చిత్రాలను చింపేశాయి. వారం తిరిగేసరికి పోలీసు అధికారి షియాప్ సినిమాను ఆపేయించాడు. దాడి చేసినవాళ్లను వదిలేసి, దాడికి గురైన సినిమాను శిక్షించారన్నమాట. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లు నడిచింది.

దాలీతో స్నేహం ఎందుకు చెడింది?

రెండో సినిమా నాటికే ఇద్దరి దారులు వేరయ్యాయి. అసలు దెబ్బ న్యూయార్క్‌లో తగిలింది. బున్యుయెల్ అక్కడి ఆధునిక కళా మ్యూజియంలో ఉద్యోగం చేస్తున్నాడు. 1942లో వచ్చిన తన ఆత్మకథలో దాలీ ఆయన్ని నాస్తికుడని రాశాడు. యుద్ధకాలపు అమెరికాలో అది చిన్న మాట కాదు. ఒత్తిడి పెరిగి 1943లో బున్యుయెల్ ఉద్యోగం వదులుకున్నాడు. అడిగితే, నన్ను నేను పీఠం ఎక్కించుకోవడానికి రాసుకున్న పుస్తకం అది, నిన్ను ఎక్కించడానికి కాదు అని దాలీ జవాబిచ్చాడట. బున్యుయెల్ తన ఆత్మకథలో ఈ సంగతి పెద్దగా కోపం లేకుండానే చెప్పాడు. కానీ మళ్లీ కలిసి పనిచేయలేదు.

'రొట్టె లేని నేల' డాక్యుమెంటరీ నిజమా, కల్పితమా?

రెండూనూ. స్పెయిన్‌లో లాస్ ఉర్దెస్ అనే కటిక పేద కొండ ప్రాంతం మీద 1933లో తీసిన చిన్న సినిమా ఇది. రామోన్ అసీన్ అనే టీచర్, అరాచకవాది, లాటరీ తగిలితే నీ సినిమాకు డబ్బిస్తానని అన్నాడు. నిజంగానే తగిలింది, మాట నిలబెట్టుకున్నాడు. 1936లో అంతర్యుద్ధం మొదలైన కొత్తలోనే, తర్వాత నియంత అయిన ఫ్రాంకో పక్షం వాళ్లు ఆయన్ని కాల్చి చంపారు. ఈ సినిమా చూసినప్పుడల్లా నాకు ముందు ఆయనే గుర్తొస్తాడు.

అక్కడి ఆకలి నిజం, రోగాలు నిజం. కానీ కొండ మీంచి మేక జారిపడే షాట్ సహజంగా జరిగింది కాదు. తుపాకీతో కాల్చారు, ఫ్రేమ్ అంచున పొగ కూడా కనిపిస్తుంది. గాడిద మీద తేనెటీగలు ముసిరే సన్నివేశం కూడా ఏర్పాటు చేసిందే. ఈ రెండూ నాకు ఇప్పటికీ మింగుడుపడవు. గొప్ప సినిమా కాబట్టి సరిపెట్టుకోవాలని నేను అనను. ఆకలితో ఉన్న మనుషుల బతుకును, ఏ భావమూ లేని పొడి గొంతుతో వ్యాఖ్యానం చదివించి ఆయన చూపించిన పద్ధతి మాత్రం గుండెలో దిగబడుతుంది. అప్పటి రిపబ్లిక్ ప్రభుత్వం, అంటే ఆయన తన వాళ్లనుకున్న ప్రభుత్వమే, దీన్ని నిషేధించింది.

మెక్సికో సినిమాలు వదిలేసి ఫ్రెంచ్ సినిమాలు చూస్తే సరిపోదా?

సరిపోదు. చాలామంది చేసే పొరపాటు ఇదే. మెక్సికోలో ఆయన పాటల సినిమాలు, కామెడీలు, ఏడుపు కథలు, నిర్మాత ఏది ఇస్తే అది తీశాడు. బడ్జెట్ తక్కువ, రోజులు తక్కువ. మొదటిది ఆడలేదు. 1949లో తీసిన కామెడీ ఆడటంతో నిర్మాతకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే వచ్చింది 'లాస్ ఓల్విదాదోస్' (మరిచిపోయినవాళ్లు, 1950). 21 రోజుల్లో షూటింగ్.

మెక్సికో సిటీ మురికివాడల్లో తిరిగే పిల్లల కథ. పేదపిల్లలంటే సినిమాల్లో పెద్దపెద్ద కళ్లతో అమాయకంగా చూడాలని మనకు అలవాటైపోయింది. ఇక్కడి పిల్లలు గుడ్డివాణ్ణి రాళ్లతో కొడతారు, కాళ్లు లేనివాడి బండి లాగేసుకుంటారు. ఆ గుడ్డివాడూ మంచివాడేం కాదు. ఒక తల్లి కన్నకొడుకును దగ్గరికి రానివ్వదు. అదే కొడుకు కలలో ఆ తల్లి పచ్చి మాంసం ముక్క పట్టుకుని, నెమ్మదిగా, నవ్వుతూ వస్తుంది. అన్నం పెట్టని అమ్మ కలలో అన్నం పెట్టడానికి వస్తే అది అలా కనిపించింది. ఇంతకంటే దిగులు పుట్టించే కల నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఇంకోచోట ఆ పిల్లాడు చేతిలో ఉన్న గుడ్డును సూటిగా కెమెరా మీదికే విసిరికొడతాడు. అంటే మన మీదికి.

మెక్సికోలో పెద్ద గొడవయింది. దేశం పరువు తీశాడని, పంపించేయాలని అన్నారు. నాలుగు రోజుల్లోనే హాల్లోంచి తీసేశారు. 1951లో ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవానికి ఇది వెళ్తే, కవి ఒక్తావియో పాజ్ దాని గురించి తాను రాసిన వ్యాసం ప్రతులను స్వయంగా పంచిపెట్టాడు. ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. ఆ తర్వాత తిట్టినవాళ్లే చూడటానికి వచ్చారు. 2003లో యునెస్కో ఈ సినిమాను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ముందుజాగ్రత్తగా తీసి పెట్టుకున్న సుఖాంతం ఒకటి చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. అది వాడే అవసరం రానందుకు నాకు సంతోషం.

'విరిదియానా' మీద అంత రాద్ధాంతం ఎందుకు జరిగింది?

ఇది నిదానంగా చెప్పాలి. 1960 నాటికి బున్యుయెల్ స్పెయిన్ వదిలి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్రాంకో నియంతృత్వం ఇంకా నడుస్తోంది. అలాంటి దేశంలో సినిమా తీయడానికి ఒప్పుకున్నాడని తెలిసి, ప్రవాసంలో ఉన్న తన స్నేహితులే ఆయన్ని ద్రోహి అన్నారు. ప్రభుత్వానికేమో ఇంత పేరున్నవాడు తిరిగొచ్చాడని ప్రపంచానికి చూపించుకోవాలని ఉంది.

కథ ఇది. సన్యాసం తీసుకోబోతున్న విరిదియానా చివరిసారిగా మామయ్యను చూడటానికి వెళ్తుంది. చనిపోయిన తన భార్య పోలికలు ఆమెలో చూసి అతను ఆమెను ఆపాలనుకుంటాడు, కుదరక ఉరేసుకుంటాడు. ఆమె కాన్వెంట్‌కు తిరిగి వెళ్లదు. ఆ ఇంట్లోనే బిచ్చగాళ్లను చేరదీసి, అన్నం పెట్టి, ప్రార్థనలు నేర్పి బాగు చేయాలనుకుంటుంది. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిచ్చగాళ్లు భోజనాల గదిలోకి దూరి, తాగి, విందు చేసుకుంటారు. గ్రూప్ ఫోటో అంటూ అందరూ బల్లకు ఒకవైపున సర్దుకుని నిలబడతారు. ఆ క్షణం చిత్రం కదలకుండా ఆగుతుంది. చూస్తే అది అచ్చంగా లియొనార్డో గీసిన 'చివరి విందు'. క్రీస్తు చోటులో గుడ్డి బిచ్చగాడు.

నాకు అంతకంటే ఇష్టమైనది ఒక చిన్న సన్నివేశం. మామయ్య కొడుకు హోర్హే, బండికి కట్టేసి ఈడ్చుకుపోతున్న కుక్కను చూసి జాలిపడి కొనేస్తాడు. అతను అటు తిరగ్గానే ఇంకో బండి ఎదురుగా వెళ్తుంది, దాని కింద ఇంకో కుక్క. అంతే, ఒక్క మాట ఉండదు. దయ తప్పని ఆయన అనడు, దయ సరిపోతుందనీ అనడు.

ఇక సెన్సార్ సంగతి. మొదట రాసిన ముగింపులో విరిదియానా హోర్హే గది తలుపు తడుతుంది, లోపలికి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది. సెన్సార్ కుదరదంది. బున్యుయెల్ మార్చాడు. కొత్త ముగింపులో ఆమె వచ్చేసరికి గదిలో హోర్హేతో పాటు పనిమనిషి రమోనా కూడా ఉంటుంది. ముగ్గురూ పేకాడటానికి కూర్చుంటారు. మిమ్మల్ని చూసినప్పుడే అనుకున్నా, ఎప్పటికైనా నాతో పేకాడతారని, అన్నట్టు మాట్లాడుతూ హోర్హే ముక్కలు పంచుతాడు. సెన్సార్ వాళ్లు తృప్తిపడ్డారు. ఇద్దరి సంబంధం ముగ్గురిదయిందని వాళ్లకు తట్టలేదు. మార్చిన ముగింపే మెరుగ్గా ఉందని బున్యుయెల్ కూడా ఒప్పుకున్నాడు.

1961 కాన్‌లో మరో సినిమాతో కలిపి అక్కడి అత్యున్నత బహుమతి పామ్ దోర్ ఇచ్చారు. స్పెయిన్ తరఫున సినిమా శాఖ డైరెక్టర్ జనరల్ స్వయంగా వేదికెక్కి బహుమతి అందుకున్నాడు. ఆ వెంటనే వాటికన్ పత్రిక ఇది దైవదూషణ అని విరుచుకుపడింది. ఆ అధికారి ఉద్యోగం ఊడింది. స్పెయిన్‌లో సినిమాను నిషేధించడమే కాదు, అలాంటి సినిమా ఒకటి స్పెయిన్‌లో తయారైందన్న సంగతే లేనట్టు చేశారు. అక్కడి జనం దాన్ని హాల్లో చూడటానికి 1977 దాకా, ఫ్రాంకో పోయాక కూడా మరి కొన్నాళ్లు, ఆగాల్సి వచ్చింది. ద్రోహి అన్న స్నేహితులు మాత్రం ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఆయన దేవుడికి వ్యతిరేకా?

'దేవుడి దయవల్ల నేనింకా నాస్తికుణ్ణే' అన్నది ఆయన పేరుమీద చలామణి అయ్యే మాట. కానీ మతం మీద ఇంత పట్టుగా, ఇన్ని వివరాలతో సినిమాలు తీసినవాళ్లు భక్తుల్లోనే తక్కువ. 'నసారిన్' (1959)లో క్రీస్తు చెప్పినట్టే బతకాలనుకునే పాదిరీ వెళ్లినచోటల్లా గొడవలే అవుతాయి. ఆ పాదిరీని ఆయన ఎక్కడా ఎగతాళి చేయలేదు. 'సీమోన్ దెల్ దెసియెర్తో' (1965) ఎడారిలో స్తంభం ఎక్కి తపస్సు చేసే సాధువు కథ. డబ్బు అయిపోవడంతో 45 నిమిషాల దగ్గరే ముగించాల్సి వచ్చింది. ఆ సాధువు మీద ఆయనకు ప్రేమ ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆయన కోపం నమ్మకం మీద కాదు, నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని కడుపు నింపుకునేవాళ్ల మీద.

'బెల్ ద జూర్' అడల్ట్ సినిమానా? ఇంట్లో అందరితో చూడొచ్చా?

పిల్లలతో వద్దు. డాక్టరు భార్య ఒకామె మధ్యాహ్నాలు వేశ్యాగృహానికి వెళ్లే కథ ఇది. కాత్రీన్ దనవ్ నటించింది. 1967లో వెనిస్ సినిమా ఉత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ ఈ సినిమాకు వచ్చింది. ఆ కథ పేరు విని ఏదో ఊహించుకుని కూర్చుంటే నిరాశే, చూపించేది చాలా తక్కువ. ఒక విటుడు చిన్న పెట్టె తెచ్చి తెరుస్తాడు, లోపలి నుంచి జుమ్మని చప్పుడు వస్తుంది, ఒకామె భయపడి వద్దంటుంది. లోపల ఏముందో మనకు చూపించరు. జీవితాంతం ఆయన్ని జనం అడిగిన ప్రశ్న అదే. మీరు ఏముందనుకుంటే అదే అని చెప్పేవాడు.

టెక్నిక్ పరంగా ఆయన ప్రత్యేకత ఏమిటి?

టెక్నిక్ కనిపించకపోవడమే. ఫిల్ము చాలా తక్కువ వాడేవాడు. ఏ షాట్ దేని తర్వాత రావాలో తలలోనే ఉండేది కాబట్టి ఎడిటింగ్ కొద్ది రోజుల్లో తేలిపోయేది. 'నసారిన్' షూటింగ్‌లో కెమెరామన్ గాబ్రియెల్ ఫిగెరోవా వెనకాల అగ్నిపర్వతం, పైన తెల్లటి మబ్బులు వచ్చేలా అద్భుతమైన ఫ్రేమ్ పెట్టాడు. బున్యుయెల్ కెమెరాను అటునుంచి ఇటు తిప్పించి, మామూలు నేల మీదికి పెట్టించాడు. అందం చూసి మనిషిని మరిచిపోతామని ఆయన భయం. చివరి సినిమాల్లో నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. అప్పటికి చెవులు సరిగా వినిపించేవి కావు, అయితే సంగీతం తగ్గించడం కేవలం దానివల్లేనని నేను అనుకోను. ఇక్కడ ఏడవండి, ఇక్కడ భయపడండి అని ప్రేక్షకుడికి చెప్పడం ఆయనకు మొదటినుంచీ పడదు.

నా దృష్టిలో ఆయన సినిమాలు పాతబడకపోవడానికి కారణం ఇదే. కలను, నిజాన్ని ఒకే వెలుగులో, ఒకే దూరం నుంచి తీస్తాడు. కల మొదలైందని పొగ పెట్టి చెప్పడు. విందుకు వచ్చిన పెద్దమనుషులు ఏ అడ్డూ లేకుండానే గది గడప దాటలేకపోతారు ('ఎల్ ఆంహెల్ ఎక్స్‌తెర్మినాదోర్', 1962). ఎందుకని ఎవరూ వివరించరు. ఆరుగురు స్నేహితులు భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొస్తుంది ('బూర్జువాల నిగూఢ ఆకర్షణ', 1972). ఈ రెండో దానికి ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఒకే పాత్రను ఇద్దరు నటీమణులు చేశారంటారు, నిజమేనా?

నిజమే. ఆయన ఆఖరి సినిమా, 1977లో వచ్చింది. మొదట తీసుకున్న నటి మధ్యలో తప్పుకుంది. అప్పుడు కాంచీతా పాత్రకు కారోల్ బూకే, ఆంహెలా మొలీనా ఇద్దర్నీ పెట్టేశాడు. ఒక తలుపులోంచి ఒకరు వెళ్తారు, ఇంకొకరు తిరిగొస్తారు. ఆమె వెంటపడే ముసలి ప్రేమికుడికి తేడా తెలియదు. హాల్లో చాలామందికి కూడా తెలియలేదు. నిర్మాతకు వచ్చిన కష్టం సినిమాకు ప్రాణమైంది.

మన దేశంతో ఆయనకు ఏమైనా సంబంధం ఉందా?

ఆయనకు నేరుగా లేదు, ఆయన రచయితకు ఉంది. 1964 నుంచి చివరి దాకా ఆరు సినిమాలు ఆయనతో కలిసి రాసినవాడు జాన్ క్లోద్ కరియేర్. ఇద్దరూ ఊరికి దూరంగా ఏదో హోటల్లో వారాల తరబడి ఉండి రాసేవాళ్లు. సాయంత్రం అరగంట ఎవరికి వారు ఒంటరిగా కూర్చుని తలా ఒక కథ కల్పించి, తర్వాత ఒకరికొకరు చెప్పుకోవాలి. ఊహకు కూడా కండలాగే రోజూ కసరత్తు కావాలన్నది బున్యుయెల్ నమ్మకం. ఆ కసరత్తు చేసిన కరియేరే తర్వాత దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా రాశాడు, 1985లో. కూచిపూడి కళాకారిణి మల్లికా సారాభాయ్ అందులో ద్రౌపది. కరియేర్‌కు 2015లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంట్లో ఎలాంటి మనిషి?

సంప్రదాయాలన్నిటినీ తెర మీద చీల్చినవాడు ఇంట్లో మాత్రం పాతకాలపు మగవాడే. భార్య జాన్ రుకార్ 'పియానో లేని స్త్రీ' అనే అర్థం వచ్చే పేరుతో జ్ఞాపకాలు రాసింది. ఆమె పియానోను ఆయన షాంపేన్ సీసాల కోసం ఎవరికో ఇచ్చేశాడు. అసూయ ఎక్కువ. 'ఎల్' (1953) సినిమాలో అసూయతో పిచ్చెక్కే భర్తను అంత వివరంగా ఎలా తీశాడో ఆ పుస్తకం గురించి తెలిశాక అర్థమవుతుంది.

తర్వాతి దర్శకుల మీద ప్రభావం ఎంత?

కార్లోస్ సౌరా 1967లో తన సినిమా ఒకదాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. పెద్రో అల్మొదోవార్ ఒక సినిమాలో టీవీలో నడుస్తున్నట్టుగా బున్యుయెల్ మెక్సికో సినిమానే చూపించాడు. 1972లో హాలీవుడ్‌లో జరిగిన ఒక విందులో దర్శకుడు హిచ్‌కాక్ బున్యుయెల్ పక్కనే కూర్చుని, ఆయన తీసిన 'త్రిస్తానా'లో నాయిక పోగొట్టుకున్న కాలు గురించే మాట్లాడాడట. గడప దాటలేని విందు కథను సంగీతకర్త థామస్ ఆడెస్ ఒపెరాగా మార్చాడు, 2016లో. పేర్లు ఇంకా చెప్పొచ్చు. కానీ ఆయన్ని అనుకరించినవాళ్లలో ఎక్కువమంది కన్ను కోసే షాట్ పట్టుకున్నారు, కుక్క బండి వెంట పరిగెత్తే షాట్‌ను వదిలేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

'లాస్ ఓల్విదాదోస్'తో మొదలుపెట్టండి. కథ సూటిగా ఉంటుంది, గంటన్నర లోపే. తర్వాత 'విరిదియానా'. అది నచ్చితే గడప దాటలేని విందు, ఆ తర్వాత 1972 సినిమా. కన్ను కోసే సినిమా ఆఖరున చూడండి, అప్పటికి ఆ కత్తి ఎవరి చేతిలో ఉందో మీకు తెలిసి ఉంటుంది. అక్షరాలా ఆయన చేతిలోనే: ఆ షాట్‌లో సిగరెట్ కాలుస్తూ కత్తి నూరేది బున్యుయెల్.